చెల్లని సూదిమందు

మా ఆసుపత్రిలో ఎవర్నడిగినా ఒకటే మాట: సిత్ బద్రియాకి, అదే బద్రియా అమ్మగారికి, కోపం ఎక్కువ. ఊడ్చేవాళ్ల దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరూ అన్నారు. ఎందుకమ్మా నీకంత కోపం అని అడిగిన మనిషి మాత్రం ఒక్కడు లేడు. అడిగి ఉంటే చెప్పేది. చేతిలో టీ చల్లారిపోయినా వదలకుండా చెప్పేది.

నా పేరు ఇంతిసార్. బద్రియా పక్క బల్ల దగ్గర పంతొమ్మిదేళ్లు పనిచేశాను. కూత్‌లో, టైగ్రిస్ నది ఒడ్డున, ఆసుపత్రి వెనక వైపు మా క్రిముల ల్యాబు. కిటికీకి అద్దం లేదు, అట్ట కట్టాం. క్రిములు పెంచే పెట్టెలో ముప్పై ఏడు డిగ్రీలు ఉండాలి. ఆగస్టులో కరెంటు పోతే గదే నలభై అయిదు. క్రిములకి కావలసిన వేడి కంటే మాకే ఎక్కువ ఉండేది.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి మూత్రం కప్పులు. మంట అని, చలి జ్వరమని, నడుము పోటని వచ్చే ఆడవాళ్లవి. కప్పులోది ప్లేటు మీద గీస్తే మర్నాటికి క్రిమి మొలుస్తుంది. దాన్ని ఇంకో ప్లేటు నిండా పరిచి, మందు పట్టించిన చిన్న కాగితం బిళ్లలు పైన పెడతాం, బిళ్లకొక మందు. ఇంకో రోజు ఆగాలి. పనిచేసే మందు బిళ్ల చుట్టూ క్రిమి చచ్చి గుండ్రంగా ఖాళీ కనిపిస్తుంది. పనిచేయని మందైతే క్రిమి బిళ్ల అంచుకొచ్చి కూర్చుంటుంది. స్కేలు పెట్టి కొలిచి రిపోర్టు రాస్తాం. దీన్నే కల్చర్ అంటారు, మొత్తం మూడు రోజుల పని. ఆ మూడు రోజులూ ఆగే ఓపిక మా ఊళ్లో డాక్టరుకీ లేదు, రోగికీ లేదు, మందుల షాపువాడికి అసలే లేదు.

బద్రియా ఈ పనిలో చేరింది మా దేశం మీద బయటివాళ్ల ఆంక్షలున్న కాలంలో. అప్పుడు ఆమెకి ఇరవై నాలుగు. దేశంలోకి సూది రావాలన్నా ఎవరో ఎక్కడో సంతకం పెట్టాల్సిన రోజులు. కాగితం బిళ్లలు రావడం ఆగిపోయింది. ఆఫీసులో కాగితాలకి చిల్లులు కొట్టే మిషను తెచ్చుకుని, వడపోత కాగితం మీద టకటకా కొట్టి, బిళ్లలు తనే తయారుచేసింది. మిగిలిపోయిన మందు సీసాలు కడిగి ఆ నీళ్లలో ఎంత మందుందో లెక్క కట్టి, బిళ్లలకి పట్టించి ఎండబెట్టేది. అలా నాలుగేళ్లు ఈ ఊరి కల్చర్లు నడిపింది. దానికెవరూ ఆమెకి దండ వేయలేదు, ఆమె అడగనూ లేదు.

ఆ నాలుగేళ్లలోనే వాళ్లమ్మకి జబ్బు చేసింది. చక్కెర వ్యాధి మనిషి. మూత్రంలో మొదలైన చీము మూత్రపిండాలకెక్కింది. తల్లి కప్పు బద్రియాయే పట్టుకొచ్చి ప్లేటు వేసింది. ఎనిమిది బిళ్లలు పెడితే ఒక్కదాని చుట్టూ ఖాళీ వచ్చింది. ఆ మందు కూత్‌లో లేదు. అన్న వరసైనవాణ్ణి బాగ్దాద్ పంపింది. అక్కడా లేదు. తొమ్మిదో రోజు తల్లి పోయింది.

"ఏ మందిస్తే బతుకుతుందో నా చేత్తో నేను రాసి పెట్టుకున్నాను ఇంతిసార్," అంది నాతో ఒకసారి. "ఆ కాగితం జేబులో పెట్టుకునే ఆవిడకి కడసారి స్నానం చేయించాను."

ఆ మాట చెప్పినప్పుడు ఏడవలేదు. ప్లేట్లు సర్దుతూ చెప్పింది.

తర్వాత ప్రభుత్వం పడిపోయింది, సరిహద్దులు తెరుచుకున్నాయి. మందులు లారీల్లో దిగాయి. ఎక్కడెక్కడివో, ఎవరు చేశారో తెలియనివి. నిన్నటిదాకా టైర్లమ్మినవాడు ఇవాళ మందుల షాపు పెట్టాడు. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చింది సెఫ్ట్రియాక్సోన్. సీసాలో తెల్ల పొడి, నీళ్లు కలిపి పొడవడమే. మా వాళ్లకి ఆ పేరు నోరు తిరగక తెల్లపొడి సూది అన్నారు. జ్వరమొస్తే అది. పన్ను నొప్పికి అది. జలుబుకి అది. మూత్రంలో మంటకైతే సరే సరి. చీటీ అక్కర్లేదు, షాపులో బల్ల మీద కూర్చోబెట్టి పొడిచేవాళ్లు. రెండు పొడిపించుకుని, మంట తగ్గగానే మిగతావి మానేసేవాళ్లు. లోపల చావకుండా మిగిలిన క్రిమి ఆ మందుని తట్టుకోవడం నేర్చుకునేది.

బద్రియా ప్లేటు మీద ఇదంతా చూసింది. మొదట్లో సెఫ్ట్రియాక్సోన్ బిళ్ల చుట్టూ పెద్ద ఖాళీ వచ్చేది. ఏడాదికేడాది అది కుంచించుకుపోయింది. పదేళ్లు తిరిగేసరికి పది ప్లేట్లలో ఏడింటికి ఖాళీయే లేదు. ప్రతి ప్లేటూ రిజిస్టరులో రాసింది, మిల్లీమీటర్లతో సహా. రిపోర్టుల మీద ఎర్ర సిరాతో "ఈ మందు పనిచేయదు" అని గీత కొట్టింది. ఆ రిపోర్టులు డాక్టర్ల గదుల్లో టీ గ్లాసుల కింద వేసుకోవడం నా కళ్లతో నేను చూశాను.

ఆమె తమ్ముడు హాతిం షాపు ఆసుపత్రి గేటు ఎదురుగానే. ఒకరోజు భోజనాల వేళ నన్ను వెంటబెట్టుకుని అక్కడికెళ్లింది. బల్ల మీద ఒక ముసలావిడ చెయ్యి చాపి కూర్చుని ఉంది. హాతిం సూది ఎక్కిస్తున్నాడు.

"ఏమైందమ్మా నీకు?" అంది బద్రియా.

"మంట తల్లీ, ఒంటేలుకెళ్తే మంట."

"పరీక్ష చేయించావా?"

"నీ తమ్ముడుండగా పరీక్షెందుకమ్మా. బంగారంలాంటి పిల్లాడు."

బద్రియా తమ్ముడి చేతిలో సూది లాక్కుని చెత్తబుట్టలో పడేసింది. హాతిం ముఖం ఎర్రబడింది.

"అక్కా, షాపులో గొడవ చేయకు. నేనివ్వకపోతే ఎదురు షాపువాడిస్తాడు."

"వాడు మన అమ్మ కడుపున పుట్టలేదురా. నువ్వు పుట్టావు. అమ్మ దేంతో పోయింది?"

"మందు దొరక్క పోయింది! ఇప్పుడు దొరుకుతోంది, ఇస్తున్నా. తప్పా?"

"దొరికే మందుని చంపేస్తున్నావురా! రేపు అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

ముసలావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పైనున్న అబాయా ముసుగు సర్దుకుంటూ, "అయితే నా సూది సంగతేంటి నాయనా?" అంది. హాతిం ఇంకో సీసా తీశాడు. ఆ రోజునుంచి బద్రియా తమ్ముడి ఇంట్లో ముద్ద ముట్టలేదు. పండక్కి పిలిస్తే గుమ్మంలో నిలబడి పిల్లల్ని పలకరించి వచ్చేసేది.

వఫీకా మా ల్యాబుకొచ్చింది రెండువేల పద్దెనిమిది వేసవిలో. నది ఒడ్డు గేదెలవాళ్ల అమ్మాయి, ఇరవై తొమ్మిదేళ్లు, ముగ్గురు పిల్లలు. తెల్లారకుండా గేదెలు పితికి, మీగడ పళ్లెం నెత్తిన పెట్టుకుని బజారుకొచ్చి అమ్మేది. సమూన్ రొట్టెలో ఆమె మీగడ పెట్టుకు తినని ఇల్లు మా వీధిలో లేదు. ఏడాదిలో ఏడుసార్లు తెల్లపొడి సూది కోర్సు వాడింది. వాడిన పది రోజులకి మంట మళ్లీ మొదలు.

"గేదె కూడా నాకంటే హాయిగా పోసుకుంటోందక్కా," అంది కప్పు అందిస్తూ. బద్రియా నవ్వింది. ఆమె నవ్వడం అరుదు.

మూడో రోజు ప్లేటు చూశాం. పదకొండు బిళ్లల్లో ఏడు దండగ. సెఫ్ట్రియాక్సోన్ అందులో మొదటిది. పనిచేసేవాటిలో ఒక పాత మాత్ర ఉంది, నైట్రోఫ్యూరాంటోయిన్. పసుపు రంగు, చవక, ఎవరూ రాయనిది. జబ్బు ఇంకా మూత్రసంచి దాటలేదు కాబట్టి అయిదు రోజులు ఆ మాత్ర వేస్తే సరిపోయేది. బద్రియా రిపోర్టు రాసి, ఆ మాత్ర పేరు చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టి, "ఇది డాక్టర్ గారి చేతికే ఇవ్వు. ఇదే రాయమను," అని చెప్పి పంపింది.

డాక్టర్ మువఫ్ఫఖ్ మా పెద్ద మూత్ర వ్యాధుల డాక్టరు. ఉదయం ఆసుపత్రి, సాయంత్రం సొంత క్లినిక్. వఫీకా కాగితం చాపితే ఆయన విప్పకుండానే ఫైలులో పెట్టాడట. "ల్యాబువాళ్లు అన్నీ రాస్తారు. వైద్యం నేను చేస్తున్నానా, వాళ్లా?" అని తెల్లపొడి సూది రాశాడట, ఈసారి రోజుకి రెండు చొప్పున.

ఇవన్నీ మాకు ఎనిమిది రోజుల తర్వాత తెలిశాయి. వఫీకాని ఆడవాళ్ల వార్డులో చేర్చారని, వణుకు ఆగడం లేదని, ఒళ్లు పెనంలా కాలిపోతోందని ఆమె అత్తగారు మా గుమ్మంలో కూలబడి ఏడ్చింది. రక్తం కల్చర్ కూడా మాకే వచ్చింది. మళ్లీ అదే క్రిమి, ఇప్పుడు రక్తంలో. ఇక పసుపు మాత్ర చాలదు. వార్డులో ఏం ఎక్కిస్తున్నారని బద్రియా ఫోన్ చేసి అడిగింది.

"సెఫ్ట్రియాక్సోన్," అంది నర్సు.

బద్రియా ఫోన్ పెట్టేసింది. ఆ రక్తం ప్లేటుకి చుట్టూ టేపు వేసింది. చేతికి గ్లవుజులు తొడుక్కుని, ప్లేటు పట్టుకుని మెట్లెక్కింది. నేను వెనక పరిగెత్తాను. డాక్టర్ మువఫ్ఫఖ్ మంచం పక్కన నిలబడి ఉన్నాడు, చుట్టూ పిల్ల డాక్టర్లు. బద్రియా వాళ్ల మధ్యలోంచి దూరి ప్లేటు ఆయన ముక్కుకి జానెడు దూరంలో పెట్టింది.

"డాక్టర్ గారూ, కాగితం చదవడానికి మీకు తీరిక లేదు. ఇది బొమ్మ. చదవక్కర్లేదు, చూడండి."

"ఏమిటిది? బుద్ధుందా నీకు? వార్డులోకి క్రిములు తెస్తావా?"

"ఇదిగో మీ సూది బిళ్ల. చుట్టూ చూడండి, బజార్లో జనంలా ఎలా నిలబడ్డాయో. మీరు ఎనిమిది రోజులుగా ఈ పిల్లకి నీళ్లెక్కిస్తున్నారు!"

"సిత్ బద్రియా, బయటికి వెళ్లు."

"వెళ్తా. ఇదిగో, చుట్టూ ఖాళీ వచ్చిన ఈ మెరోపెనెం రాయండి, వెళ్తా."

ఆయన రాయలేదు. విసురుగా వెళ్లిపోయాడు. ఆయన వెనక నడవకుండా ఒక పిల్ల డాక్టరు మాత్రం ఆగింది, ఇలాఫ్ అని, చేరి ఏడాది కాలేదు. ప్లేటు చేతిలోకి తీసుకుని, కిటికీ వెలుతురుకి ఎత్తి, ఒక్కో బిళ్లా చూసింది. తర్వాత చార్టు మీద మందు మార్చి తన పేరుతో సంతకం పెట్టింది.

"నన్ను తిడతారు కదూ?" అంది.

"తిడతారమ్మా. తిట్టు తిన్నంత మాత్రాన ఎవరూ చావరు," అంది బద్రియా.

వఫీకా బతికింది. మూడు వారాలు పట్టింది. ఒక మూత్రపిండం ముడుచుకుపోయి ఎందుకూ పనికిరాకుండా పోయింది. పళ్లెం నెత్తిన పెట్టుకుని అంత దూరం నడవలేక బజారు మానేసింది. ఒక పసుపు మాత్రతో పోయే జబ్బు అది.

విచారణ మాత్రం ఆలస్యం కాలేదు. వఫీకాకి జరిగినదాని మీద కాదు; బద్రియా ప్లేటు మోసినదాని మీద. డైరెక్టరు గదిలో ముగ్గురు కూర్చున్నారు. సాక్షిగా నన్ను నిలబెట్టారు.

"బతికున్న క్రిముల్ని వార్డులోకి తీసుకెళ్లడం నిబంధనలకి విరుద్ధమని నీకు తెలియదా?" అన్నాడు కమిటీ పెద్ద.

"తెలుసు. అవి ఎక్కణ్ణుంచి తీశామో మీకు తెలుసా? ఆ మంచం మీది పిల్ల ఒంట్లోంచి. ఆమె రక్తంలో తిరగడానికి వాటికి పర్మిషనుంది, నా చేతిలో మూతేసి ఉండడానికి లేదా?"

"ఇలా మాట్లాడితే నీకే నష్టం."

"పాతికేళ్లు నెమ్మదిగా రాశాను. ఎర్ర సిరాతో రాశాను. ఎవరు చదివారు? మీలో ఎవరైనా ఒక్క రిపోర్టు చివరిదాకా చదివారా? చెప్పండి, చదివినాయన కాళ్లు పట్టుకుంటా!"

వారం తిరక్కుండా బదిలీ కాగితం వచ్చింది. బస్సులో గంటన్నర దూరంలో, పొలాల మధ్య ఒక చిన్న ఆరోగ్య కేంద్రం. అక్కడ క్రిములు పెంచే పెట్టె లేదు. చేయగలిగింది చక్కెర పరీక్ష, రక్తం తక్కువా ఎక్కువా చూడడం. పాతికేళ్ల అనుభవమున్న చేతుల్ని వేలు గుచ్చే పనికి పంపారు. ఆమె సామాను ఒక సంచిలో పట్టింది. రిజిస్టర్లు బీరువాలోనే ఉండాలి కదా, వదిలేసి వెళ్లింది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఆరు నెలలకి డాక్టర్ మువఫ్ఫఖ్ దగ్గర పనిచేసే ఒకాయన వచ్చి, ఆ రిజిస్టర్లు కావాలన్నాడు. చదువు కోసమట. పద్నాలుగేళ్ల రిజిస్టర్లూ నేనే మోసుకెళ్లి ఇచ్చాను. సంతోషంగా ఇచ్చాను. ఇన్నాళ్లకైనా ఎవరో చదువుతున్నారని.

మరుసటి ఏడాది డాక్టర్ ఇలాఫ్ ఒక వైద్య పత్రిక పట్టుకుని ల్యాబుకొచ్చింది. బాగ్దాద్‌లో అచ్చయింది. మా ఊళ్లో మూత్ర వ్యాధులు తెచ్చే క్రిములు, వాటిమీద ఏ మందులు పనిచేస్తున్నాయి, ఏవి లేదు అని వ్యాసం. మొదటి పేరు డాక్టర్ మువఫ్ఫఖ్‌ది. పట్టికలన్నీ బద్రియా కొలిచినవే. చివర్న చిన్న అక్షరాల్లో "ల్యాబు సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఉంది. బద్రియాకి ఫోన్ చేసి చెప్పి, ఏడ్చాను.

"ఊరుకో. పేరు పెట్టుకోనీ. నా పేరుతో ఆ క్రిమి చస్తుందా?" అంది. ఆ వెంటనే అడిగింది, "ఆఖర్న ఏం రాశాడు?"

చదివాను. "పరీక్ష లేకుండా సెఫ్ట్రియాక్సోన్ వాడరాదు."

"ఇప్పుడు క్లినిక్‌లో ఏం రాస్తున్నాడు?"

ఇలాఫ్ వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "అదే," అన్నాను.

టక్కున ఫోన్ పెట్టేసింది.

గురువారం సాయంత్రం బద్రియా బస్సు దిగింది. పత్రిక పట్టుకుని నన్ను రమ్మంది, ఇద్దరం డాక్టర్ మువఫ్ఫఖ్ క్లినిక్‌కి వెళ్లాం. టోకెను తీసుకుంది. వరండాలో ముప్పై మంది దాకా ఆడవాళ్లు, ఒళ్లో పిల్లలు, చేతుల్లో విసనకర్రలు. మధ్యలో చోటు చేసుకుని కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, పత్రిక తెరిచి పైకి చదవడం మొదలుపెట్టింది.

పక్కనున్న ఒక ముసలావిడ వంగి చూసింది. "ఏంటమ్మా చదువుతున్నావు, ప్రార్థనా?"

"కాదు పెద్దమ్మా. లోపలున్న డాక్టర్ గారే రాశారు. మీకిప్పుడు రాసివ్వబోయే సూది పది మందిలో ఏడుగురికి పనిచేయదట."

"అదేంటి! ఆయనే రాశాడా? ఆయనే ఇస్తున్నాడుగా!"

"అదే నేనూ అడుగుదామని వచ్చా."

మాట వరండా అంతా పాకింది. "నాకు నాలుగు నెలలుగా అదే పొడుస్తున్నారు," అంది ఒకావిడ. "మా కోడలికీ అంతే," అంది ఇంకొకావిడ. "మళ్లీ చదువక్కా, గట్టిగా." టోకెన్లిచ్చే అతను వచ్చి పత్రిక లాక్కోబోతే ఇద్దరు ఆడవాళ్లు అతని చొక్కా పట్టుకున్నారు. గొడవకి తలుపు తెరుచుకుంది. డాక్టరు బయటికొచ్చి బద్రియాని చూశాడు. ఆమె చేతిలో పత్రిక చూశాడు.

"సిత్ బద్రియా, లోపలికి రండి. మాట్లాడుకుందాం," అన్నాడు, గొంతు తగ్గించి.

"లోపల పాతికేళ్లు మాట్లాడాను, డాక్టర్ గారూ. ఇక్కడే చెప్పండి. ఈ రాసినాయన చెప్పేది నిజమా, మీరు రాసిచ్చే చీటీ నిజమా? ఇద్దరిలో ఒకరు అబద్ధాలకోరు. ఎవరో తేల్చండి, వీళ్లు ఇళ్లకెళ్తారు."

ముసలావిడ టోకెను చూపిస్తూ, "నా వంతే నాయనా. ముందు పరీక్షకి రాయి," అంది.

మర్నాడు శుక్రవారం సెలవు. శనివారం ఉదయం నేను ల్యాబు తలుపు తీసేసరికి బయట పదిహేడు మంది కప్పులు పట్టుకుని నిలబడ్డారు. చీటీల మీద డాక్టర్ మువఫ్ఫఖ్ చేతిరాతే, "ముందు కల్చర్" అని. నేను ఆరోజు తెచ్చుకున్న అన్నం ముట్టలేదు, అంత పని.

ఆ సిగ్గు ఆయనలో రెండు నెలలు నిలిచింది. తర్వాత కప్పులు తగ్గుతూ వచ్చాయి. హాతిం షాపులో బల్ల అలాగే ఉంది, దాని మీద చెయ్యి చాపే జనమూ అలాగే ఉన్నారు. ఇలాఫ్ ఒక్కతే ఇవాళ్టికీ ప్రతి రోగికీ కల్చర్ రాస్తుంది, రిపోర్టు వచ్చాక చదువుతుంది, అర్థం కాకపోతే మెట్లు దిగి వచ్చి అడుగుతుంది.

బద్రియా ఆ పొలాల మధ్యే ఉండిపోయింది. క్రిములు పెంచే పెట్టె ఇమ్మని పదకొండు అర్జీలు పెట్టింది. పన్నెండో దానికి ఒక పాతది పంపారు, తలుపు సరిగా పడదు. తాడు కట్టి వాడుతోంది. మొన్న ఫోన్ చేసి, కూత్‌లో ఇవాళ ఎన్ని కప్పులొచ్చాయని అడిగింది.

"ఆరు," అన్నాను. "అన్నీ ఇలాఫ్ పంపినవే."

"ఆరేనా? మూడు లక్షల మంది ఊళ్లో ఆరుగురికేనా మంట!" అని అరిచింది. ఎవర్ని తిట్టిందో ఇక్కడ రాయను. చాలాసేపు తిట్టింది. నేను ఫోన్ చెవికి ఆనించుకునే స్కేలు తీసి మొదటి ప్లేటు కొలవడం మొదలుపెట్టాను.